కైకలూరు నుంచి రాకెట్

కైకలూరు నుంచి ముగ్గురు మనుషుల్ని అంతరిక్షంలోకి పంపింది నేనేనండి. నమ్మకం కుదరకపోతే ఆ చుట్టుపక్కల కాస్త వయసు మళ్లిన వాళ్లెవరినైనా అడగండి. రాకెట్ మాట ఎత్తగానే ముందు నవ్వుతారు, తరవాత నేనిప్పుడు ఎక్కడుంటున్నానని అడుగుతారు. మొదటిదానికి మీరూ నవ్వండి. రెండోదానికి మాత్రం తెలీదని చెప్పండి, మీకు పుణ్యముంటుంది.

కొల్లేటిలో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన మరుసటి ఏడాది అది. నాకప్పుడు ఇరవైమూడేళ్లు. మాది తాడేపల్లిగూడెం. నాన్నగారు మిషన్ స్కూల్లో తెలుగు మాస్టారు. నేనూ తెలుగులోనే ఎం.ఏ. చేసి, ఏలూరులో ఒక లోకల్ కేబుల్ చానల్‌లో న్యూస్ రీడర్‌గా చేరాను. పేరుకే న్యూస్ రీడర్. వార్తలు రాసేదీ, దిద్దేదీ, చదివేదీ, చదివాక స్టూడియోలో లైట్లు ఆర్పేదీ నేనే. రోజూ సాయంత్రం ఏడింటికి అరగంట వార్తలు. ఏ పేటలో కరెంటు ఎప్పుడు పోతుంది, కాలవకి నీళ్లెప్పుడు వదులుతారు, ఎవరి గేదె తప్పిపోయింది, ఎవరి పర్సు దొరికింది, ఇవీ మా ప్రపంచ వార్తలు.

నాకో జబ్బుండేది. అచ్చుతప్పు కనబడితే చెయ్యి ఊరుకునేది కాదు. మా పిన్ని కూతురి శుభలేఖలో ఎర్ర పెన్నుతో పదకొండు తప్పులు దిద్ది పోస్టులో వాళ్లకే తిప్పి పంపాను. పెళ్లికి వెళితే భోజనాల దగ్గర నన్ను చివరి బంతిలో కూర్చోబెట్టారు. పిల్ల తెలుగు ఎంత గట్టిదో అని నాన్నగారు మాత్రం పొంగిపోయారు.

ఆ రోజు మా చానల్ యజమాని రామ్మోహన్ గారు ఉండి అనే ఊళ్లో బంధువుల పెళ్లికి వెళ్లారు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "శాంతమ్మా, నేను లేనప్పుడు కొత్తవేం పెట్టకు. వచ్చినవి వచ్చినట్టు చదివెయ్" అన్నారు. ఎంత మంచి మాటో చూడండి. అది విని ఊరుకుంటే ఇవాళ మీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

బయటి వార్తలు మాకు విజయవాడ నుంచి ఫ్యాక్సులో వచ్చేవి. ఆ ఫ్యాక్సు మెషిన్ పంపిన దాంట్లో సగమే మాకిచ్చి మిగతా సగం తనే మింగేసేది. ఆ సాయంత్రం అది ప్రసాదించిన కాగితంలో పైన రెండు వరుసలు మాత్రం తేటగా ఉన్నాయి. "బైకనూరు నుంచి రేపు ఉదయం పది గంటలకు రాకెట్ ప్రయోగం. ముగ్గురు వ్యోమగాములు అంతరిక్ష కేంద్రానికి పయనం." కింద అంతా నల్లటి చారలు.

నేను ఎర్ర పెన్ను తీశాను.

మా కెమెరామన్ సత్యం గారు నాన్నగారి ఈడు మనిషి. పెళ్లి వీడియోలు తీసి తీసి ఈ పనిలోకి వచ్చారు. నా భుజం మీదుగా చూసి, "ఏం దిద్దుతున్నారమ్మా?" అన్నారు.

"చూడండి సత్యం గారూ, కైకలూరుని బైకనూరని కొట్టారు. టైపు చేసేవాళ్లకి పక్క ఊరి పేరు కూడా రాదు."

"అమ్మా, బైకనూరని ఇంకెక్కడన్నా ఊరుందేమోనండి."

"ఎక్కడుంది?"

"నాకు తెలీదండి."

"మరి కైకలూరు ఎక్కడుంది?"

"ఇక్కడే కదండి, కొల్లేటి అవతల."

"చూశారా! ఉన్న ఊరిని వదిలేసి లేని ఊరి గురించి వాదిస్తారేంటండి?"

ఆయన గడ్డం గోక్కున్నారు. "ఎంత కాదన్నా రాకెట్ కదమ్మా. శ్రీహరికోటలో కదా వదుల్తారు."

ఇక్కడే నా చదువు నా కొంప ముంచింది. ఏమీ చదవని వాళ్లు ఇంత తప్పు చెయ్యలేరండి. అంతకు రెండు వారాల ముందే ఏదో పత్రికలో రాకెట్ల మీద ఒక వ్యాసం చదివాను. అందులో ఉన్నదంతా సత్యం గారికి అప్పజెప్పాను. రాకెట్లు ఒక్కచోటి నుంచే ఎగరాలని లేదు. కొన్ని ఎడారుల్లోంచి లేస్తాయి, కొన్ని మంచు కురిసే అడవుల్లోంచి. నడిసముద్రంలో తేలే వేదిక మీది నుంచి వదిలేవి ఉన్నాయి. విమానం పొట్ట కింద కట్టి ఆకాశంలోనే జారవిడిచేవీ ఉన్నాయి. "సముద్రం మధ్యలోంచి వదులుతుంటే కొల్లేటి గట్టు మీంచి వదలడానికి ఏం అడ్డమండీ? శ్రీహరికోట పక్కన పులికాట్ సరస్సుంది, కైకలూరు పక్కన కొల్లేరుంది. అక్కడా కొంగలే, ఇక్కడా కొంగలే. పోయినేడు గట్లన్నీ కొట్టేసి అంత మేర ఖాళీ ఎందుకు చేశారనుకున్నారు?"

సత్యం గారు నోరు తెరిచారు. "అందుకా అండి!"

ఆయన నమ్మేసరికి నాకూ పూర్తిగా నమ్మకం కుదిరింది. రెండు వరుసల వార్త మరీ బోసిగా ఉందనిపించి చివర నా సొంత వాక్యం ఒకటి చేర్చాను. "పరిసర గ్రామాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి."

ఏడింటికి చదివాను. ఏడూ పదికి ఫోన్ మోగింది, తరవాత ఆగలేదు.

"మా ఊళ్లో ఎక్కడండి? స్టేషన్ వైపా, బస్టాండు వైపా?"

"భద్రత దృష్ట్యా చెప్పరండి."

"ఆ ముగ్గురూ ఎవరండి? మన వైపు పిల్లలేనా?"

"పేర్లు రేపు వెల్లడిస్తారండి."

ఇలా తెలియని ప్రతి ప్రశ్నకీ తెలిసినట్టే జవాబిచ్చాను. వాటిలో ఒక్క ఫోన్ మాత్రం ఇప్పటికీ గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి.

"ఏవండీ, వార్తలు చదివే అమ్మాయి గారేనాండి? నా పేరు గోపాలం అండి. కైకలూరు నించి కలిదిండి వెళ్లే రోడ్డులో మాకో చేపల చెరువుందండి. రాకెట్ లేత్తే నేల అదురుద్దంటారు, నిజవేనాండి?"

"అదురుతుందండి. మామూలుగా కాదు."

"మరి చేపకేవన్నా అవుద్దాండి? ఇంకా రెండు నెల్లు ఎదగాలండి అది."

తెలీదండి, అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ వార్తలు చదివే మనిషి నోట ఆ మాట ఎలా వస్తుంది? "ఎందుకైనా మంచిది, జాగ్రత్త పడండి" అన్నాను.

"జాగర్తంటే, ముందే పట్టేసుకోమంటారాండి?"

"మీ ఇష్టమండి. మీ స్థానంలో నేనుంటే ఆగను."

మర్నాడు పొద్దున్నే సత్యం గారి స్కూటర్ వెనక కెమెరా పట్టుకుని కూర్చుని కైకలూరు బయల్దేరాను. ప్రయోగం అయిన సాయంత్రానికే చూపించాలని నా ఆరాటం. కొల్లేటి రోడ్డు ఎక్కేసరికి ముందూ వెనకా జనమే. సైకిళ్లు, ఆటోలు, ట్రాక్టర్ తొట్టెల నిండా ఆడవాళ్లు. కొందరి చేతుల్లో ఎక్స్‌రే ఫిల్ములు, సూర్యగ్రహణం చూడ్డానికి వెళ్తున్నట్టు. మా పక్కనుంచి పోతున్న బస్సులో కండక్టర్ "రాకెట్ కాడ దిగేవాళ్లు ముందుకి రండి!" అని అరుస్తున్నాడు.

ఊళ్లోకి వెళితే ఇంకా ఘోరం. రోడ్డుకి రెండు పక్కలా ముగ్గు వేసినట్టు సున్నం చల్లి ఉంది. ఒక అధికారి (ఏ శాఖో చెప్పను) ఇస్త్రీ చొక్కాతో, మూడు పూలదండలతో నిలబడి ఉన్నారు. నన్ను చూడగానే పక్కకి పిలిచి గొంతు తగ్గించారు.

"మేడం, మాకు పైనుంచి కాగితం ఇంకా రాలేదు. వ్యోమగాములు ఏ దారిన వస్తున్నారో మీకేమైనా తెలిసిందాండి?"

అప్పుడు మొదటిసారి చుట్టూ కలయజూశాను. గడియారం తొమ్మిది దాటింది. ముగ్గురు మనుషుల్ని మోసే రాకెట్ తాడిచెట్టంత ఉండాలి కదా. కైకలూరులో తాడిచెట్టంత ఉన్నవి తాడిచెట్లే.

"కలిదిండి రోడ్డు వైపు పోనివ్వండి సత్యం గారూ. అటు ఖాళీ ఎక్కువ" అన్నాను.

రెండు మైళ్లు వెళ్లామో లేదో, ఒక చెరువు గట్టు మీద ఐసు లారీ కనిపించింది. నీళ్లలో పది పదిహేను మంది వల లాగుతున్నారు. గట్టు మీద నాలుగు ట్రేల్లో చేపలు అప్పటికే ఐసు కింద ఉన్నాయి. తలకి తువ్వాలు చుట్టుకున్న ఒకాయన నన్ను గుర్తుపట్టి రెండు చేతులూ జోడించి పరిగెత్తుకొచ్చారు.

"అమ్మా, నిన్న ఫోన్ చేసిన గోపాలాన్నండి. మీరు చెప్పబట్టి సరిపోయింది. పోయినేడు ఒక చెరువు గట్టు కొట్టేశారండి. మాకు మిగిలింది ఇదొక్కటే. చిన్న చేపైనా చచ్చినదానికన్నా నయం కదండీ. టీ తాగుతారా?"

టీ గ్లాసు నా చేతిలో ఉండగానే లూనా మీద ఒకావిడ వచ్చి ఆగారు. గోపాలం గారి భార్య సరోజినీ టీచర్. హైస్కూల్లో సోషల్ చెబుతారట. బండి స్టాండు కూడా వెయ్యకుండా సూటిగా నా దగ్గరకొచ్చారు.

"ఏమ్మా, రాత్రి వార్తలు చదివింది మీరేనా? మీకొచ్చిన కాగితంలో ఏమని ఉందండి?"

"బైకనూరని తప్పు పడిందండి. నేనే దిద్దాను" అన్నాను. సిగ్గు లేకుండా కొంచెం గర్వంగానే అన్నాను.

ఆవిడ కళ్లు మూసుకుని తెరిచారు. "బైకనూరు కజకిస్థాన్‌లో ఉందమ్మా. రష్యావాళ్లు అక్కడి నించే మనుషుల్ని పంపిస్తారు. ఇందాక రేడియోలో కూడా చెప్పారు. రాకెట్ పైకెళ్తూ ఖాళీ అయిన భాగాల్ని కింద పడేస్తుంది. అందుకే సముద్రవో, మనుషుల్లేని మైదానవో చూసుకుంటారు. మన దగ్గర తూర్పుకి వదిల్తే కింద భీమవరం ఉందండి."

నేను భీమవరం గురించి ఆలోచించలేదు. వల గురించి ఆలోచించాను. అది సగం చెరువు చుట్టేసి దగ్గరికొస్తోంది. ఇంకో పావుగంటలో ఆ చెరువులో ఉన్నదంతా గట్టు మీదుంటుంది. టీ గ్లాసు విసిరేసి "ఆపండీ! రాకెట్ ఇక్కడ కాదండీ!" అని అరుస్తూ గట్టు దిగబోయాను. రెండో అడుగు బురదలో జారింది. చీరతో సహా నడుం లోతు నీళ్లలో పడ్డాను. పడుతూ పడుతూ పట్టుకోవడానికి ఏదీ దొరక్క వల పట్టుకున్నాను. నాతో పాటు అదీ మునిగింది. దాని మీదుగా చేపలన్నీ ఎగిరి ఎగిరి మళ్లీ చెరువులోకి దూకాయి. ఒకటి నా చెంప మీద తోకతో కొట్టి మరీ వెళ్లింది. నేనేమీ అనలేదు. దానికా హక్కుంది.

సత్యం గారు అలవాటు కొద్దీ ఇదంతా కెమెరాలో తీశారు.

నన్ను పైకి లాగాక గోపాలం గారు ట్రేల వైపు చూశారు, చెరువు వైపు చూశారు, చివరికి నా వైపు చూశారు. నాకు ఏడుపొచ్చేసింది. "తప్పు నాదేనండి. తెలీకుండా చెప్పాను" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదలు.

"తెలీదని నిన్ననే చెప్పుంటే అయిపోయేది కదమ్మా" అన్నారాయన. కోపంగా అన్నా బాగుండేది. మెల్లగా అనేసరికి ఇంకా కుంగిపోయాను. తరవాత తువ్వాలు తీసి నా చేతికిచ్చారు. "తుడుచుకోండి. మిగిలినై నీళ్లలోనే ఉన్నాయిగా. ఈ నాలుగు ట్రేలూ మా చుట్టాలింటికి పంపేత్తాలెండి."

సరోజినీ టీచర్ మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. నన్ను లూనా వెనక ఎక్కించుకుని కైకలూరు సెంటర్‌కి తీసుకెళ్లి ఒక అరుగెక్కించారు. "చెప్పండి. మీ నోటితోనే చెప్పండి."

తడిబట్టలతో, జడలో నాచుతో చెప్పాను. ఎవరూ కొట్టలేదండి. అసలు ఎవరూ కదల్లేదు. దండలు పట్టుకున్న అధికారి వాటిని నెమ్మదిగా సంచిలో పెట్టుకున్నారు. ముందు వరసలో కూర్చున్న ముసలావిడ అడిగింది, "అయితే ఆ ముగ్గురూ ఇంకోచోట నించి బయల్దేరతారా తల్లీ?"

"అవునండి. పదింటికే."

"పాపం, ఎవరి పిల్లలో. క్షేమంగా ఎళ్లొత్తే చాలు."

పది కొట్టేసరికి, వచ్చినవాళ్లం ఎలాగూ వచ్చాం అన్నట్టు అందరూ తలెత్తి ఖాళీ ఆకాశం వైపు చూశారు. నేనూ చూశాను.

ఆ సాయంత్రం రామ్మోహన్ గారు ఉండి నుంచి వచ్చి సవరణ కాగితం నా ముందు పెట్టారు. చదివాను. "నిన్నటి వార్తల్లో కైకలూరు నుంచి రాకెట్ ప్రయోగం అని ప్రసారమైంది. అది కజకిస్థాన్ దేశంలోని బైకనూరు నుంచి అని గమనించగలరు. జరిగిన పొరపాటుకు చింతిస్తున్నాం." అక్కడితో పీడ వదిలిందనుకున్నాను.

మర్నాడు కైకలూరు నుంచి పదిమంది పెద్దమనుషులు ఆఫీసుకొచ్చారు. చేతుల్లో బ్యానరు. అందరికన్నా ముందున్నాయన ఒక కాగితం నా బల్ల మీద పెట్టారు. "కైకలూరుకు మంజూరైన రాకెట్ కేంద్రాన్ని రాత్రికి రాత్రి కజకిస్థాన్‌కు తరలించుకుపోవడాన్ని తీవ్రంగా ఖండిస్తూ, సోమవారం రాస్తారోకో."

"అయ్యా, అదసలు రాలేదండి! నేనే తప్పు చదివాను!"

ఆయన చుట్టూ చూసి నా వైపు వంగారు. "మాకు తెల్సమ్మా. మీ చేత ఆ సవరణ ఎవరు చదివించారో కూడా తెల్సు. మీరేం భయపడకండి, మీ ఎనకాల మేవున్నాం. మన ప్రాంతానికి ఏదొచ్చినా ఇంతేగా, ఎవడో ఒకడు ఎత్తుకుపోతాడు."

అందుచేత ఈ పుస్తకం చదువుతున్న మీ అందరి సాక్షిగా, మా నాన్నగారి మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. నా ప్రాణం ఉన్నంతవరకు ఏ ఊరికీ రాకెట్ ఇవ్వను. ఒకవేళ ఇచ్చినా, చచ్చినా వెనక్కి తీసుకోను.