పాస్‌పోర్టుకు పెట్టిన బొట్టు

అరవదేశంలోని పీలమేడు నూలుమిల్లులో ఫిట్టరు వేలుసామి నాయుడి చెవి గురించి మిల్లంతా చెప్పుకునేది. నూలు వడికే రింగ్ ఫ్రేము పక్కన ఒక్క నిమిషం నిలబడితే చాలు, ఏ బేరింగు మూలుగుతోందో వేలు పెట్టి చూపేవాడు. అంతటి పనిమంతుడు ఒక్క విషయంలో మాత్రం వట్టి అమాయకుడు. సర్కారు ఇచ్చిన పాస్‌పోర్టును సొంత ఇంటి వస్తువనుకున్నాడు. అనుకోవడమేమిటి, దాన్ని ఏకంగా సామి గదిలో పెట్టి పూజ చేయించాడు.

ఆ పుస్తకం 1955లో వచ్చింది. ఉగాండాలో కొత్తగా పెట్టిన బట్టల మిల్లుకు యంత్రాలు బిగించడానికి మనుషులు కావాలంటే, మిల్లువాళ్లు వేలుసామిని పంపారు. భార్య సుందరవల్లి కూడా బయలుదేరింది. ఆ రోజుల్లో మొగుడి పాస్‌పోర్టులోనే పెళ్లాం ఫోటో కూడా అంటించేవారు. సుందరవల్లి పుట్టిల్లు అవినాశి. ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తరుగుతుందని వాళ్లింట్లో గట్టి నమ్మకం, పెళ్లిలో కూడా ఫోటో లేదు. వేలుసామి వారం రోజులు బతిమాలితే ఆఖరికి స్టూడియోలో మూతి బిగించుకుని కూర్చుంది. ఆ కోపం అలాగే ఫోటోలో పడింది.

మూడేళ్లకు ఇద్దరూ తిరిగొచ్చారు. మరుసటి ఏడు పచ్చకామెర్లతో సుందరవల్లి పోయింది. ఫోటోయే ఆమెను మింగిందని అవినాశివాళ్లు ఏడ్చారు. తాను బతిమాలకుండా ఉండాల్సిందేమోనన్న దిగులు వేలుసామికి ఉండిపోయింది.

భర్త ఉండగా పోయిన ఆడమనిషిని ఇంటి పేరంటాలుగా కొలవడం వాళ్ల కులాచారం. అరవల ఆడి నెలలో ఒక శుక్రవారం కలశం నిలిపి, కొత్త చీర పెట్టి, పొంగలి వండి మొక్కుతారు. వేలుసామి అన్న భార్య రామక్కాళ్ ఆ పనులకు పెద్ద. ముఖమే ఉండగా ఒట్టి కలశమెందుకని ఆమె పాస్‌పోర్టు తెరిచి పీట మీద నిలిపి, సుందరవల్లి నుదుట కుంకుమ పెట్టింది. ఏడేళ్లు అలాగే జరిగింది. ఏటా బొట్టు మీద బొట్టు పడి కళ్లదాకా దిగింది. పుస్తకం మూసినప్పుడల్లా ఆ ఎరుపు ఎదుటి పుటలోని వేలుసామి ముఖానికీ అంటుకునేది. అది చూసి అన్న నవ్వేవాడు.

1966లో మళ్లీ పిలుపు వచ్చింది. ఈసారి నైరోబీ. పదేళ్ల గడువు తీరిన పుస్తకాన్ని తీసుకుని వేలుసామి రైలెక్కి మద్రాసు వెళ్లాడు. కొత్తది ఇవ్వాలంటే పాతది అప్పగించాలన్న సంగతి అక్కడికి వెళ్లాకే తెలిసింది. అదే పెద్ద దెబ్బ అనుకుంటే, కౌంటరులో గుమాస్తా పుట తిప్పి ఉలిక్కిపడ్డాడు. ఫోటో చెరిపారనీ, మనిషిని మార్చారేమోననీ అనుమానపడి, అతన్ని లోపల ఆఫీసరు చంద్రశేఖరన్ దగ్గరికి పంపాడు.

ఆఫీసరు కసిరే మనిషి కాదు. ముఖం కనబడితే చాలు, రద్దు చేసి పాతది కూడా ఇచ్చేస్తాం, కనబడకపోతే విచారణకు పోతుంది, ఇక తిరిగి రాదు అని అరవంలో నెమ్మదిగా చెప్పాడు. స్టాంపులు తడిపే స్పాంజి డబ్బాను ముందుకు జరిపి తుడవమన్నాడు.

వేలుసామి స్పాంజిని వేళ్లతో పట్టుకున్నాడు. తుడిస్తే సుందరవల్లి ఇంటికి వస్తుంది, నైరోబీ పయనమూ దక్కుతుంది. తుడవకపోతే ఆమె ముఖం ఈ లోకంలో ఇంకెక్కడా దొరకదు. స్పాంజిని డబ్బాలోనే పెట్టేశాడు. మాట ముందు ఇంటి భాష తెలుగులోనే వచ్చింది, తర్వాత అదే అరవంలో మళ్లీ చెప్పాడు.

“బొట్టుతో పోయిన మనిషి సార్. నేను బతికుండంగా నా చేత్తో దాని బొట్టు తుడవలేను. పుస్తకం మీరే పెట్టుకోండి. నాకు పయనమూ వద్దు.”

చంద్రశేఖరన్ పుస్తకాన్ని తనవైపు తిప్పుకున్నాడు. వేరే ఫోటో లేదా అని అడిగాడు. లేదన్నాడు వేలుసామి. ఆఫీసరు ప్యూనును పిలిచి 1955 నాటి ఫైలు వెతికి తెమ్మన్నాడు. గంటన్నర పట్టింది. దుమ్ము కొట్టుకుపోయిన ఫైలులో, అప్పటి దరఖాస్తుకు అంటించిన అదే ఫోటో రెండో ప్రతి ఉంది.

కుంకుమ లేని కాగితం మీద, చిన్న బొట్టుతో, మూతి బిగించుకుని సుందరవల్లి. ఏళ్లుగా కనబడని కళ్లు. వేలుసామి ఆఫీసు అని చూడలేదు, ఏడ్చేశాడు. అది రికార్డు కాబట్టి ఇవ్వడం కుదరదనీ, ఎంతసేపైనా చూసుకోవచ్చనీ చెప్పి ఆఫీసరు వేరే కాగితాలు ముందేసుకున్నాడు.

రెండు ఫోటోల చెవులూ జడా సరిపోల్చాక అనుమానం తీరింది. ఇక రద్దు ముద్ర ఒకటే మిగిలింది. అది ఫోటోల మీద అడ్డంగా పడాలి. ముద్ర పైకి లేవగానే వేలుసామి చెయ్యి అడ్డం పెట్టాడు. తన ముఖం మీద కొట్టమన్నాడు, ఆమె మీద వద్దన్నాడు. ఆఫీసరు అలాగే కొట్టాడు. రద్దుకు గుర్తుగా అట్ట మూల కత్తిరించి పుస్తకం చేతిలో పెట్టాడు.

ఇంటికి వస్తుంటే తెగిన మూల చూసి కొత్త భయం పట్టుకుంది. అవయవం పోయిన బొమ్మను రామక్కాళ్ పీట ఎక్కించదు, నొయ్యల్ ఏటి నీళ్లలో వదలమంటుంది. వినాయకుడి తొండం కాస్త విరిగితేనే ఆమె ఒప్పుకోలేదు. పుస్తకం ఆమె చేతికిచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

రామక్కాళ్ తెగిన మూల తడిమింది. సుందరవల్లి ముఖం దగ్గరగా పెట్టుకుని చూసింది. బొట్టు అలాగే ఉంది. తర్వాత పక్క పుటలో మరిది ముఖం మీద నల్లటి అక్షరాలు చూసింది. ఆమెకు ఇంగ్లీషు రాదు.

“నీ మొగం మీద ఏమి రాసినారు తంబీ?”

“నేను ఇంక చెల్లనని రాసినారు వదినా.”

మామూలుగా అయితే ఆమె అపశకునమని గుండెలు బాదుకునేది. ఇప్పుడు అతని ఎర్రబడ్డ కళ్లు చూసింది. పుస్తకాన్ని కొంగుతో తుడిచింది, ఆ పుట తప్ప.

“వాళ్లకు చెల్లకుంటే పోనీ,” అంది. “దాని పక్కన నువ్వు కాకుంటే ఇంకెవురు చెల్లేది?”

ఆమె పుస్తకాన్ని సామి గదిలోకి తీసుకుపోయింది.