ముఖం చూస్తే పరాయివాడు

2022లో నేను నాంపల్లి స్టేషన్ రోడ్డులోని ఒక న్యూరాలజీ క్లినిక్‌లో క్లినికల్ సైకాలజిస్టుని. మెదడుకు దెబ్బ తగిలినవాళ్ల జ్ఞాపకం, మాట, గుర్తుపట్టడం ఎలా ఉన్నాయో పరీక్షించడం నా పని. ఆ ఎండాకాలం విఠలయ్య గారు తన భార్య సుగుణమ్మను తీసుకొచ్చారు. పేర్లు మార్చాను. ఆయనకు ఆబిడ్స్‌లో చిన్న జిరాక్స్ షాపు. ఆమె రిటైరైన టీచరు. మెట్ల మీంచి పడి తలకు దెబ్బ తగిలి, పది రోజులు దవాఖానలో ఉండి ఇంటికొచ్చారు.

మాట, లెక్క, నడక అన్నీ బాగున్నాయి. పరీక్షలయ్యాక నా చెయ్యి పట్టుకుని మెల్లగా అన్నారు.

“మేడమ్, బయట కూసున్నాయన మా ఆయన కాదు.”

“మరి ఎవరమ్మా?”

“ఎవరో ఏమో. అచ్చం గట్లనే ఉంటడు. అంగీలు గూడ ఆయనవే తొడుక్కుంటడు. మా ఆయన ఏడికి వోయిండో జర కనుక్కోరాదు?”

ఇలాంటిది చదివి ఉన్నాను. వందేళ్ల కిందట ఫ్రాన్స్‌లో ఒకావిడ, తన ఇంటివాళ్లను ఎవరో మార్చేశారని, వాళ్ల రూపంలో వేరేవాళ్లు తిరుగుతున్నారని పోలీసులకు మొరపెట్టుకుందట. ఆమె గురించి రాసిన డాక్టరు పేరే ఆ జబ్బుకు పెట్టారు. ఇలా మనుషులను తప్పుగా గుర్తుపట్టే భ్రమలన్నిటినీ కలిపి మేం డెల్యూషనల్ మిస్‌ఐడెంటిఫికేషన్ అంటాం. ముఖం తెలుస్తూనే ఉంటుంది, చూడగానే కలగాల్సిన ఆపేక్ష మాత్రం కలగదు. కాబట్టి ఈ మనిషి వేరు అని మెదడు తేల్చేసుకుంటుందని ఒక వివరణ. కొందరికి గొంతు వింటే ఈ అనుమానం రాదు.

అది చూద్దామని విఠలయ్య గారిని మెట్ల దగ్గరికి పంపి ఆమెకు ఫోన్ చేయించాను. “సుగుణా, తిన్నవా?” అన్న మాట వినగానే ఆమె ఏడ్చేశారు.

“ఏడున్నరు మీరు? ఎన్ని దినాలాయె! గీడ ఎవరో మనింట్ల ఉంటున్నడు. జల్ది రాండ్రి!”

“వస్తున్న, వస్తున్న” అంటూ ఆయన ఫోన్ చెవికి పెట్టుకునే లోపలికొచ్చారు. ఆమె ఫోన్ దించి, కొంగు సర్దుకుని, గోడవైపు తిరిగారు.

పుస్తకంలో చదివింది కళ్లముందు జరిగిందన్న ఉత్సాహంలో, పక్కనున్న జూనియర్‌తో “చాలా అరుదైన కేసు” అనేశాను. విఠలయ్య గారు విన్నారు.

“అరుదైందా, మేడమ్?” అన్నారు. “నలభై ఏండ్ల సంసారం మాది.”

నాకు తల ఎత్తాలనిపించలేదు.

మందులతో, సెషన్లతో ఆమె భయం తగ్గింది. నమ్మకం మారలేదు. వాదించొద్దని చెప్పాను, ఆయన వాదించలేదు. వండిపెట్టారు, మాత్రలు వేయించారు, వంటింట్లో చాప వేసుకుని పడుకున్నారు. రోజూ సాయంత్రం షాపు నుంచి ఫోన్ చేసి భర్తగా మాట్లాడేవారు. ఎప్పుడొస్తారని ఆమె అడిగితే వేరే ఊళ్లో పనుందనేవారు. తర్వాత ఇంటికొచ్చి పరాయివాడిలా తలుపు కొట్టేవారు. క్లినిక్‌కి వచ్చిన ప్రతిసారీ ఆయన్ని ఆమె ఎలా ఉన్నారనే అడిగాను. మీరెలా ఉన్నారని ఒక్కసారీ అడగలేదు.

మరుసటేడు ఆయన షాపులోనే గుండెపోటుతో పోయారు. ఖైరతాబాద్‌లో ఉండే వాళ్లమ్మాయి ఫోన్ చేస్తే వెళ్లాను. సుగుణమ్మ శవం పక్కన కూర్చుని ఉన్నారు. ఎవరినో తెచ్చి మా ఇంట్లో పడుకోబెట్టారేంటని గొడవ చేస్తారేమోనని అందరికీ భయం. ఆమె ఆయన పాదాల మీద చెయ్యి వేసి అన్నారు.

“పాపం, ఏ తల్లి బిడ్డనో. నన్ను సొంత మనిషి లెక్క చూస్కున్నడు. ఇన్ని దినాలల్ల పేరన్న అడగకపోతి.”

అని భోరున ఏడ్చారు.

ఆయన మీద ఆమెకు ఆపేక్ష పోయిందనే ఫైల్లో రాశాను. ఆ పరాయివాడి మీద కొత్తగా పుట్టిన ఆపేక్షను కొలిచే పరీక్ష నా దగ్గర లేదు. ఆయనకూ ఆ సంగతి తెలియలేదు. “ఈ మనిషి మిమ్మల్ని ఎలా చూసుకుంటున్నాడమ్మా?” అని ఒక్కసారి, ఆయన వింటుండగా నేను అడిగి ఉంటే సరిపోయేది. ఇప్పుడు ఇలాంటి జబ్బుతో ఎవరొచ్చినా ఆ ప్రశ్న అడుగుతాను, చూసుకునే మనిషిని పక్కనే కూర్చోబెట్టి.