నాయన నిలబెట్టిన రాట్నం

ఎండాకాలం వచ్చిందంటే మా వీధి చివర మామిడిపళ్ల బండి దగ్గర కార్బైడు వాసన గుప్పుమంటుంది. అందరికీ పళ్లు గుర్తొస్తాయేమో, నాకు మాత్రం ఈ వయసులోనూ అరచేతులకు చెమటలు పడతాయి. అది మా నాయన వాసన. ప్రొద్దుటూరులో మా ఇంటి ముందరి రేకుల కొట్టంలో, డబ్బాలో కార్బైడు గడ్డలు వేసి నీళ్లు పోసి, బుసబుసమంటూ పుట్టే ఆ గ్యాసుతో ఆయన ఇనుముకు ఇనుము అతికేవాడు.

మేము దూదేకులవాళ్లం. పీర్ల పండగ వస్తే అమ్మ బెల్లంనీళ్లతో గోధుమపిండి కలిపి చోంగెలు చేసేది, వీధి వీధంతా నెయ్యి వాసన, పీర్ల చావిడి ముందు నిప్పుల గుండం తవ్వుతుంటే ఆ మట్టి మీద మా పిల్లల గంతులు. నా చిన్నప్పుడు ఒక ఏడు పండగకు ముందు రంగులరాట్నం మస్తాన్ మామ వచ్చాడు. రాట్నం మధ్యలో ఉండే కొయ్య నిట్రాడును చెదలు తినేశాయట. ఇనుప గొట్టం తెచ్చి, మందపాటి పలక మీద నిలువునా అతికిపెట్టమన్నాడు.

నాయన ఎప్పుడూ గొట్టానికి, నిలువు సరిచూసే మూలమట్టం ఆనించి, నాలుగు దిక్కులా ఒక్కో చుక్క అతికి, ఆపైన తూర్పున కొంత అతికితే పడమర కొంత అతికేవాడు. వేడి ఇనుము చల్లారుతూ అతుకు పడిన వైపుకే గొట్టాన్ని లాక్కుంటుంది మరి. ఆ రోజు అమ్మ ఫాతిహా చదివించిన చోంగెలు తెచ్చి, చల్లారిపోతాయని ఒకటే పోరు. నాయన ఒక పక్కంతా ఒకే ఊపున అతికేసి తినడానికి లేచాడు. వచ్చి చూస్తే గొట్టం ఒరిగి ఉంది. నేనూ చూశాను.

"రవ్వంత వంకరకేమైతాదిలే అప్పా, పండగ మీద పడ్తాంది" అన్నాడు మస్తాన్ మామ.

నాయన అతుకంతా కోసేసి మొదటినుంచి మళ్లీ అతికాడు. అయినా నా కళ్లలో ఆ ఒరిగిన గొట్టమే నిలిచిపోయింది.

రాట్నాలవాళ్లకు ఒక పాడు ఆనవాయితీ ఉండేది. నిట్రాడు కొత్తదైతే, దాన్ని చేసినవాడి బిడ్డ మొదట ఎక్కాలి. ఆ బిడ్డ నవ్వుతూ దిగితేనే ఊరు తన పిల్లలను ఎక్కిస్తుంది. మా నాయనకు నేనొక్కదాన్నే.

చావిడి పక్కన, జనమంతా చూస్తుండగా నన్ను కొయ్యగుర్రం మీద కూర్చోబెట్టారు.

"నాయనా, వద్దు. అది వంగింది గదా."

"ఇప్పుడు సక్కంగా ఉండాది పాపా. గట్టిగ పట్టుకో" అన్నాడే గానీ, ఆయన పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

రాట్నం కదిలింది. పైన ఎక్కడో ఇనుము కిర్రుమంది, నా పైప్రాణాలు పైనే పోయాయి. గొట్టం ఊడితే గుర్రాలన్నీ నా మీదే పడతాయని కళ్లు గట్టిగా మూసుకున్నాను. ఇంతలో పక్కన ఎవరో రొప్పుతున్న చప్పుడు. కళ్లు తెరిస్తే నాయన. ఒక చెయ్యి నా నడుము వెనక పెట్టి, రాట్నంతో పాటే గుండ్రంగా పరిగెత్తుతున్నాడు.

"ఏందప్పా, నీ పని మీద నీకే నమ్మకం ల్యాదా?" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. నాయన ఆగలేదు.

దిగి, ఆయన పరువు కోసం పళ్లన్నీ కనబడేలా నవ్వాను. పిల్లలు ఎగబడ్డారు. నాయన మాత్రం నన్ను ఒళ్లో పెట్టుకుని దుమ్ములోనే కూలబడి, చివరి పిల్ల దిగేదాకా గొట్టం మొదలునే చూస్తూ కూర్చున్నాడు.

ఇప్పుడు రాట్నాలు లారీల్లో వస్తున్నాయి, కరెంటుతో తిరుగుతున్నాయి. మొన్న మనవరాలు ఎక్కుతానంటే, దీన్ని అతికిందెవరు బాబూ అని టిక్కెట్ల కుర్రవాణ్ణి అడిగాను. నన్నొక పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. అతికినవాడు ఏ ఊళ్లో ఉన్నాడో, వాడి బిడ్డ ఎక్కడుందో. పిల్ల పైన కేరింతలు కొడుతోంది. దాని పక్కన పరిగెత్తడానికి నా కాళ్లలో సత్తువ లేదు, చుట్టూ కట్టిన కమ్మీ పట్టుకుని నిలబడ్డాను.