కాలువ అవతలి బడి

మిర్యాలగూడ శివారులో, బియ్యం మిల్లులు దాటాక, మా కాలనీ. మిల్లు పని కోసం కోస్తా నుంచి వచ్చినవాళ్లం మేము. ఒక పక్క ఉర్దూ మాట్లాడే రిక్షా ఆయన, ఇంకో పక్క గొర్రెలు కాసే కుటుంబం, ఎదురింట్లో తండా నుంచి వచ్చిన లంబాడీ అక్క. బస్సు మెయిన్ రోడ్డు మీదే ఆగేది. పార్కుకని వదిలిన జాగా నిండా సర్కారు తుమ్మలు. కాస్త నీడంటే సాగర్ కాలువ గట్టు మీది కానుగ చెట్లే.

ఆడపిల్లల హైస్కూలు ఆ కాలువకు అవతల ఉండేది. వంతెన చాలా దూరం. వేసవిలో నీళ్లు ఆగిపోయాక అందరం ఎండిన కాలువలోకి దిగి అవతలి గట్టెక్కేవాళ్లం. "వంతెన మీదుగానే రండే" అని అమ్మ రోజూ చెప్పేది. మేం తలూపేవాళ్లం.

తొమ్మిదో తరగతి మొదలైన కొత్తలో ఒకరోజు, పొద్దున నెర్రెలు విచ్చి ఉన్న కాలువలో సాయంత్రం మేం బడి నుంచి వచ్చేసరికి బురద నీళ్లు పాకుతున్నాయి. చప్పుడు లేదు. నురగ, ఊక, ఎండుకొమ్మలు మెల్లగా కదులుతున్నాయి. గొర్రెల కాపరి కూతురు నాతోపాటే చదివేది. పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుంది.

"మడిమల దాకనే ఉన్నయ్. వంతెన దాకా పోతే పొద్దుగూకుతది. రాయే."

నేను దిగబోతుంటే నా పాదం పక్కనుంచే ఒక పాము ఈదుకుంటూ పోయింది. ఆగిపోయాను. ఆమె నడుస్తూనే ఉంది. మధ్యకు చేరేసరికి మోకాళ్లు మునిగాయి, చూస్తుండగానే నడుము.

అవతల, మా కాలనీ వైపు గట్టున, మేకలకు దోటితో కొమ్మలు వంచుతున్న లంబాడీ అక్క అరిచింది. "బిడ్డా! నీళ్లిడిసిర్రు! ఎన్కకు పో!"

వెనక్కి తిరగబోయి ఆమె జారింది. సంచి కొట్టుకుపోయింది. తల ఒకసారి తేలింది, మళ్లీ మునిగింది. అక్క గట్టు వెంట పరుగెత్తి, చేతిలోని దోటిని నీళ్లలోకి చాచింది. రెండోసారి ఆమె చెయ్యి దాన్ని పట్టుకుంది.

నేను వంతెన చుట్టి వచ్చేసరికి రిక్షా ఆయన ఆమెను దవాఖానకు తీసుకెళ్లాడు. ప్రాణం దక్కింది.

మర్నాడు ఆమె తండ్రి, "ఇగ సదువు ఖతం. గొర్ల ఎంబడి పోతది," అన్నాడు.

"నేను దింపుత అన్నా, రోజు రిక్షాల. పైసలొద్దు," అన్నాడు రిక్షా ఆయన.

లంబాడీ అక్క ఊరుకోలేదు. "నీళ్లకెల్లి తీసిస్తే ఇంట్ల ముంచుతవా?"

తండ్రి కర్ర అందుకుని గొర్లను తోలుకుపోయాడు.

ఆ ఏడాదంతా నేనొక్కదాన్నే వంతెన మీదుగా వెళ్లాను. కింద కాలువ నిండుగా పారేది. బడి నుంచి వచ్చేటప్పుడు మందతో ఆమె గట్టు మీద కనిపించేది. మొదట్లో చెయ్యి ఊపేది. తర్వాత తర్వాత నా వైపు చూడకుండా, నీళ్లనే చూస్తూ అంచున నిలబడేది. నేను పిలిచినా కదిలేది కాదు.