దక్షిణ ధ్రువంలో శ్రమదానం

మా స్టేషన్‌లో డీజిల్ ఇంజన్లు చూసే యెఫీం లూకిచ్‌ది రష్యా ఉత్తరాన అర్ఖాంగెల్స్క్ దగ్గర పల్లె. అంటార్కిటికాలో చలికాలం గడపడం అతనికది మూడోసారి. ఇంజన్ ఆగితే మేమంతా కొయ్యబారిపోతాం కనుక, అతను తుమ్మినా మాకు గుండె గుభేలుమనేది. నేను గాలీ చలీ కొలిచి రాసేవాణ్ణి.

మా అధికారి గెర్మన్ పావ్లొవిచ్ మంచివాడే. కాకపోతే లెనిన్‌గ్రాద్‌లోని పై ఆఫీసు నుంచి వైర్‌లెస్‌లో ఏమొచ్చినా కళ్లకద్దుకునేవాడు. ఆ ఏప్రిల్‌లో ఆదేశం వచ్చింది: వసంతం వచ్చింది కాబట్టి శనివారం అందరూ శ్రమదానం చేయాలి, వాకిళ్లు ఊడ్చి మొక్కలు నాటాలి, సాయంత్రానికి నివేదిక పంపాలి. వసంతం వాళ్లకి. మాకు అప్పుడే చలికాలం మొదలు. ఆ శనివారం సున్నాకు ముప్ఫై డిగ్రీలు కింద, మనిషిని ఎత్తికుదేసే గాలి.

"మొక్కల సంగతి వదిలేద్దాం," అన్నాడు పావ్లొవిచ్ ఉదారంగా. "వాకిలి మాత్రం ఊడ్వాల్సిందే."

"ఇక్కడున్నదంతా మంచేగా! అదంతా ఊడిస్తే ఇంక మనం నిలబడేదెక్కడ?" అన్నాడు లూకిచ్.

"నివేదికలో అబద్ధం రాయమంటావా?"

"గాలి ఊడ్చిందని రాయండి. అబద్ధం కాదుగా!"

అందరం పగలబడి నవ్వాం. నవ్వకుండా ఉండాల్సింది. పావ్లొవిచ్ ముఖం కందగడ్డలా అయింది. వంటింటి చీపురు లాక్కుని, మాకు ఆదర్శం చూపడానికి ఒక్కడే బయటికి పోయాడు. ఇంజన్ గది దాకా కట్టిన తాడు పట్టుకునే పోయాడు గానీ, ఊడ్వాలంటే రెండు చేతులూ కావాలి కదా!

పావుగంటైనా తిరిగి రాలేదు. లూకిచ్ నడుముకు తాడు కట్టుకుని, రెండో కొస నా చేతిలో పెట్టాడు.

"మూడుసార్లు గుంజితే లాగు. ఒక్కసారే గుంజితే ఆయన్ని తిడుతున్నానని అనుకో."

దారి తెలియడానికి మేం గుమ్మంలో ఖాళీ పీపా వాయిస్తూ నిలబడ్డాం. తాడు ఒక్కోసారి చొప్పున చాలాసార్లే కదిలింది. అరగంటకు మూడు గుంజులు. లాగితే ఇద్దరూ వచ్చారు. పావ్లొవిచ్ గుమ్మానికి ఇరవై అడుగుల్లోనే, మంచు మీద లాగే స్లెడ్జి బండి చాటున ముడుచుకుని ఉన్నాడట. చీపురుతో పాటు చేతి తొడుగులూ ఎగిరిపోతే, లూకిచ్ తనవి తీసి తొడిగాడు. ఆ వట్టి చేతులతోనే ఈడ్చుకొచ్చాడు. డాక్టరు లూకిచ్ రెండు వేళ్ల కొసలు తీసేయాల్సి వచ్చింది.

"శ్రమదానం జరిగింది," అని, లూకిచ్ వేళ్ల సంగతితో సహా నివేదిక వెళ్లింది. రెండు వారాలకు జవాబు: చొరవ చూపిన అధికారికి అభినందన, లిఖితపూర్వక అనుమతి లేకుండా, తొడుగుల్లేకుండా బయట తిరిగిన మెకానిక్‌కు మందలింపు.

పావ్లొవిచ్ దాన్ని భోజనాల బల్ల దగ్గర చదివాడు.

"మందలింపు అందినట్టు సంతకం పెట్టాలి, లూకిచ్."

"ఏ చేత్తో పెట్టను?" కట్లు కట్టిన రెండు చేతులూ ఎత్తి చూపాడు.

పావ్లొవిచ్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అంబలి గిన్నె దగ్గరికి జరుపుకుని చెంచా ముంచాడు. కట్లు కట్టిన మొదటి రోజు నుంచీ లూకిచ్‌కు తినిపించే పని ఇంకెవర్నీ చేయనివ్వలేదు.

"నోరు తెరువు."

"కాలుతోందండీ, కాస్త ఊదండి."

పావ్లొవిచ్ ఊదాడు.