విరిగిన సూది మొన

సూది మొన దొరకలేదని ఆమె నాతో చెప్పింది. మేనేజరు గదిలో ఆ ఒక్క మాట నేను చెప్పి ఉంటే ఆమె పని పోయేది కాదు. నేను చెప్పలేదు. గుర్తులేదన్నాను.

హిందూపురం దగ్గర ఒక బట్టల ఫ్యాక్టరీలో నేను లైను సూపర్‌వైజరుగా పనిచేసేవాణ్ణి. ధర్మవరం నుంచి రోజూ ప్యాసింజరు బండిలో వెళ్ళేవాణ్ణి. మా లైనులో చంటిపిల్లల గౌన్లు కుట్టేవారు. అందుకే సూదుల విషయంలో గట్టి నియమం ఉండేది. సూది విరిగితే మిషను ఆపి, ముక్కలన్నీ ఏరి నాకివ్వాలి. నేను వాటిని రిజిస్టరులో పేర్చి టేపు అంటించి, సూది పూర్తిగా కుదిరిందని చూసుకున్నాకే కొత్తది ఇవ్వాలి. ఒక్క ముక్క తగ్గినా లైను నిలిపి, ఆ మిషను దగ్గరున్న గౌన్లన్నీ వెతకాలి. మనిషన్నాక పొరపాటు చేస్తాడు, అది గేటు దాటకుండా చూడాలని ఎవరో బుర్రపెట్టి ఆలోచించిన పద్ధతి అది. దాన్ని చంపింది నాలాంటి తెలివిగలవాళ్ళే.

నా జేబులో ఒక అగ్గిపెట్టె ఉండేది. దాని నిండా సూది మొనలు. మొద్దుబారిన పాత సూదుల్ని నేనే విరిచి దాచుకున్నవి. ముక్క దొరక్కపోతే అందులోంచి ఒకటి తీసి అంటించేవాణ్ణి. లైను ఆగేది కాదు, టార్గెట్ తప్పేది కాదు. మేనేజరు నలుగురిలో మెచ్చుకునేవాడు. ఆ మెప్పు గుర్తొస్తే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆమె పరిగి వైపు పల్లె నుంచి వచ్చేది. మెడపట్టీ కుట్టడంలో లైనులో ఆమెను మించినవాళ్ళు లేరు. ఒకరోజు సూది విరిగింది.

"సార్, మొన కనపల్యా. గౌనులోనే పోయినట్టుండాది. లైను నిలుపు సార్, ఎతుకుదాం."

"నిలిపితే నీ టార్గెట్టు మీ అత్త వచ్చి కుడుతుందా? కూచో."

"మా అత్తకు కండ్లు కనపడవు సార్. అయినా ఆమె నీ మాదిరి వదిలిపెట్టదు, ఎతుకుతాది."

చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వి, నా దగ్గరున్న మొన అంటించి కొత్త సూది ఇచ్చాను.

ప్యాకింగ్ దగ్గర లోహాన్ని పసిగట్టి కూసే యంత్రం ఉండేది. ఊరికే కూస్తోందని ఆ వారం దాన్నీ ఆపేశారు. సరుకు కొన్నవాళ్ళు తనిఖీ చేస్తే ఒక గౌను మెడ కుట్టులో మొన దొరికింది. అదృష్టం, ఏ పసిబిడ్డ మెడలోనూ దిగలేదు. ఆ గౌన్ల కట్టకు కట్టిన చీటీ మీద ఆమె మిషను నంబరు ఉంది. మేనేజరు మా ఇద్దర్నీ పిలిచి రిజిస్టరు తెరిచాడు.

"ఈడ సూది పూర్తిగా ఉండాది కదమ్మా. అంటే ఇంకోటి విరగ్గొట్టి దాచినావు."

"దేవుని తోడు సార్, ఒకటే ఇరిగింది. మొన దొరకల్యాని ఈ సారుకు చెప్తిని. చెప్పు సార్!"

అప్పుడే నేను గుర్తులేదన్నది. నేను పూర్తిచేసిన సూదే ఆమెను అబద్ధాలకోరును చేసింది.

ఆమెను పనిలోంచి తీసేశారు. కొన్నవాళ్ళకు పంపిన కాగితం మీద కారణం 'ఆపరేటరు నిర్లక్ష్యం' అని రాశారు. పరిష్కారం, ఆపరేటర్లకు శిక్షణ. ఆ శిక్షణ ఇచ్చింది ఎవరనుకున్నారు? నేను! సిగ్గులేకుండా నిలబడి, సూదులు దాచొద్దని ఆడవాళ్ళకు పాఠం చెప్పాను.

తర్వాత నేను ఆ ఉద్యోగం మానేశాను. ఈమధ్య పెనుకొండలో పని ఉండి వెళితే, బస్టాండు దగ్గర ఒక అంగడి ముందు ఆమె జాకెట్లు కుడుతూ కనిపించింది. జరిగిందంతా చెప్పాను. మిషను ఆపకుండానే విన్నది.

"నాకెందుకు చెప్తావు సార్? నేను దాచలేదని నాకు తెలీదా? మా చెల్లెలు మొన్న ఆ ఫ్యాక్టరీలో పని అడిగితే, మీ అక్క మాదిరి సూదులు దాస్తావా అన్నారంట. ఆడికి పోయి చెప్పు."

ముందు మేనేజరు దగ్గరికి పోయాను. "పాత కథ ఎందుకబ్బా తవ్వుతావు? కొనేవాళ్ళకు తెలిస్తే ఆర్డరు పోతాది" అన్నాడు. అతనికి ఈరోజుకీ భయం ఆర్డరు గురించే. నా ఒళ్ళు మండిపోయింది. అతనిలో నన్ను నేనే చూసుకున్నాను.

మరుసటి రోజు షిఫ్టు విడిచే వేళకు గేటు బయట నిలబడ్డాను. నేను కబురు పెడితే ఆమె కూడా చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆటోల కోసం ఆగిన ఆడవాళ్ళను పిలిచి గట్టిగా చెప్పాను: ఈమె ఏ సూదీ దాచలేదు, లైను నిలపమని నన్ను అడిగింది, రిజిస్టరులో దొంగ మొన అంటించింది నేను, గుర్తులేదని అబద్ధమాడిందీ నేనే.

"ఇన్ని దినాలూ నోట్లో ఏం పెట్టుకోనుంటివి సార్?" అని గుంపులోంచి ఒకామె అరిచింది.

 అందరూ చూస్తుండగా ఆమె వైపు తిరిగి చేతులు జోడించాను.

"నీ పేరు చెడగొట్టింది నేనమ్మా. తప్పు చేసినాను. నన్ను క్షమించు."