గుర్రప్ప గుండె

గుర్రప్ప నేసిన కంబళిలో నీళ్లు పోసినా కారవని హోసూరు దగ్గరి తళి చుట్టుపక్కల పల్లెల్లో పేరు. ఉన్ని వడికేది భార్య కెంచమ్మ. అతను మాట్లాడేది తక్కువ. ఆమె దేనికైనా బెంగపడితే, నేనున్నాలే అన్నట్టు రొమ్ము తట్టుకునేవాడు. వాళ్ల కాపురమంతా ఆ సైగ మీదే నడిచింది.

పంతొమ్మిది వందల అరవై నాలుగులో ఒకనాడు మగ్గం గుంటలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట పోయింది. పక్షవాతం అన్నారు. అన్న కదిరప్ప నాటువైద్యుణ్ణి పిలిపించాడు. ఆయన పావురం నెత్తురు పూసి, పసరు తాగించి, మందు ముగిసేదాకా ఊరి పొలిమేర దాటరాదని పథ్యం పెట్టాడు. గుర్రప్ప మంచంలో ఎడమ చేత్తో రొమ్ము తట్టుకుంటూనే ఉన్నాడు. ఇంత కష్టంలోనూ నాకే ధైర్యం చెబుతున్నాడే అని కెంచమ్మ ఏడ్చింది.

మశూచి టీకాలు వేయడానికి హోసూరు డాక్టరు ఊరికి వస్తే, ఆమె కాళ్లావేళ్లా పడి ఇంటికి తీసుకొచ్చింది. ఆయన పడిపోయిన చెయ్యి చూసి ఊరుకోలేదు. గొట్టం రొమ్ముకు పెట్టి చాలాసేపు విన్నాడు.

"గుండె తాళం తప్పి కొడతా ఉందమ్మా. ఆడ గడ్డకట్టిన నెత్తురే తలకు పోయినట్టుంది. బెంగళూరులో మిషను పెట్టి గుండెను చూస్తారు, తీసుకుపోండి. లేకుంటే ఇంకో తూరి కొడుతుంది. రొమ్ము దడదడమంటా ఉందని ఈయన చెప్పలేదా?"

చెప్పాడు. రోజూ తట్టి తట్టి చెప్పాడు. కెంచమ్మ లేచి బావ దగ్గరికి పరుగెత్తింది.

"పోదాం బావా" అని కదిరప్పను బతిమాలింది.

"పడింది చెయ్యి కదమ్మా, గుండెను చూసేదేంది? మందు మధ్యలో పొలిమేర దాటితే ఉండేది కూడా పోతుంది."

కదిరప్ప చెడ్డవాడైతే తిట్టిపోసైనా బండి కట్టించేది. తమ్ముడంటే ప్రాణం ఆయనకు. అదే వచ్చిన చిక్కు.

దానికితోడు గుర్రప్ప కుడి చేతి వేళ్లు కదిలాయి. ఊరంతా వైద్యుణ్ణి పొగిడింది. గుండె మాటెత్తితే కెంచమ్మను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. పదిమంది మాట ముందు ఒక్కత్తె మాట ఏపాటి? అతను చెంబు పట్టుకుని నీళ్లు తాగిన రోజు ఆమెకూ సంతోషమే కలిగింది. ఆ సంతోషాన్ని ఎవరు తప్పుపడతారు?

పథ్యం ముగియకముందే రెండో దెబ్బ కొట్టింది. ఈసారి ఎడమ పక్క పోయింది. కదిరప్ప తల బాదుకుంటూ తనే ఎడ్లు కట్టి, పొలిమేర దాటించి హోసూరు దారి పట్టాడు. చేతులు కాలాక ఆకులు. బండిలో గుర్రప్ప, బాగైన కుడి చేత్తో కెంచమ్మ మణికట్టు పట్టుకున్నాడు. ఊపిరి ఆగాక, ఆ వేళ్లను ఆమె ఒక్కొక్కటే విప్పుకోవలసి వచ్చింది.